సాకేత్ నుండి బెజవాడకు అరవై రోజులు

సాకేతమనగానే తెలుగువారి మనసులో మెదిలేది సరయూ తీరాన ఉన్న అయోధ్య. ఆ పేరునే పెట్టుకొన్న కాలనీ ఒకటి దేశ రాజధానికి దక్షిణ దిక్కున ఉన్నది. ఢిల్లీ కార్యాలయానికి బదిలీ అయిన నాటి నుండి మేము సకుటుంబంగా ఈ సాకేత్‌లోనే నివసిస్తున్నాము. ఇంగ్లీషు అక్షరాల పేర్లు గల బ్లాకులు, బ్లాకుల నడుమ చిన్న చిన్న పార్కులు, ఆ పార్కుల చుట్టూ ఉన్ని టోపీలు ధరించి ఉదయపు నడక సాగించే విశ్రాంత ఉద్యోగులు, ఇదీ కాలనీ స్వరూపం. మన దేశంలో మొట్టమొదటి మల్టీప్లెక్సు 1997లో వెలసినది ఇక్కడి అనుపమ్ సినిమాశాలలోనే. ఆ తరువాత పెద్ద పెద్ద అంగళ్ల సముదాయాలు, ఆసుపత్రులు, జిల్లా న్యాయస్థానాలు వచ్చాయి. వాటన్నింటితో పాటే తెలుగువారూ వచ్చారు. ఆసుపత్రులలో నర్సులు, కంపెనీలలో కంప్యూటరు ఇంజనీర్లు, పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లలు, మావంటి ప్రభుత్వరంగ ఉద్యోగులు ఇక్కడ కనిపిస్తారు. కూరగాయల బండి వద్ద గోంగూర ఉన్నదా అని ఎవరైనా అడిగితే చాలు, వారు మనవారేనని తెలిసిపోతుంది. పలకరింపులయ్యాక మూడో మాటలోగా రైలు టిక్కెట్టు ప్రస్తావన రాక తప్పదు.

మన కర్మాగారం నుండి ఢిల్లీకి పనిమీద వచ్చే మిత్రులు కూడా మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఆన్‌లైన్‌లో చాలా ముందుగా బుక్ చేసుకొంటే రైలు ఛార్జీ తగ్గుతుందట గదా, నిజమేనా?" అని. విమానాల విషయంలో ముందు కొన్నవారికి చౌక, వెనుక కొన్నవారికి ప్రియం అన్నది అందరికీ అలవాటైపోయింది. బ్రిటన్‌లో స్థిరపడిన మన పిల్లలు అక్కడి రైళ్లలో ముందస్తు టిక్కెట్టు చాలా తక్కువకు వస్తుందని, అయితే ఆ టిక్కెట్టుతో ఆ ఒక్క రైలే ఎక్కాలని చెబుతుంటారు. అదే సూత్రం మన రైళ్లకూ వర్తిస్తుందని చాలామంది అనుకొంటున్నారు. ఢిల్లీ నుండి బెజవాడకు సుమారు 1,750 కిలోమీటర్లు. ఈ దారిలో ఇన్నేళ్లుగా రాకపోకలు సాగించిన అనుభవంతోనూ, వృత్తిరీత్యా అబ్బిన లెక్కల పిచ్చితోనూ ఈ ప్రశ్నకు మాకు తెలిసిన సమాధానాన్ని పాఠక మిత్రుల ముందుంచుతున్నాము.

మామూలు మెయిలు, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ముందు కొన్నా, చివరి రోజున కొన్నా ఛార్జీ ఒక్కటే. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, విశాఖకు వెళ్లే ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్, ఏది తీసుకొన్నా అంతే. దూరాన్ని బట్టి, తరగతిని బట్టి పట్టికలో ఒక మొత్తం ఉంటుంది. దానికి రిజర్వేషను రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము, ఏ.సి. తరగతులైతే జి.ఎస్.టి. కలుస్తాయి. 60 రోజుల ముందు కొన్న పెద్దమనిషి, ముందురోజు సాయంత్రం అదృష్టవశాత్తు ఖాళీ దొరికిన కుర్రవాడు పక్కపక్క బెర్తులలో అదే ఛార్జీతో ప్రయాణం చేస్తారు. పైగా ఆన్‌లైన్‌లో కొన్నందుకు అదనంగా చెల్లించేది కొంత ఉన్నది. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు తరువాత ఈ రుసుమును ఎత్తివేసి, 2019 సెప్టెంబరు 1 నుండి మళ్లీ విధించారు. యు.పి.ఐ. ద్వారా చెల్లిస్తే నాన్ ఏ.సి. టిక్కెట్టుకు 10 రూపాయలు, ఏ.సి. టిక్కెట్టుకు 20 రూపాయలు, కార్డు మొదలైన వాటి ద్వారా అయితే 15, 30 రూపాయలు, వీటిపై జి.ఎస్.టి. వేరుగా నిర్ణయించారు. రిజర్వేషను కౌంటరులో ఈ ఖర్చు లేదు. కానీ సాకేత్ నుండి సరోజినీ నగర్ రిజర్వేషను కార్యాలయానికి వెళ్లి వరుసలో నిలబడే కాలాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకొంటే ఈ ఇరవై రూపాయలు పెద్ద లెక్కలోనివి కావు.

ముందుగా కొన్నవారికి మరి ఏమి మిగులుతుంది? బెర్తు మిగులుతుంది. బెర్తు దొరకనివాడు తత్కాల్‌కు పోతాడు, అక్కడా దొరకకపోతే ప్రీమియం తత్కాల్‌కు, అదీ కాకపోతే విమానానికి పోతాడు. ఒక్కొక్క మెట్టుకూ ధర పెరుగుతుంది. మన రైళ్లలో ముందస్తు బుకింగు అంటే తగ్గింపు కాదు, ఆ మెట్లు ఎక్కవలసిన అవసరం రాకుండా చూసుకోవడం మాత్రమే. తత్కాల్ పథకం 1997 డిసెంబరులో ఆరంభమైంది. స్లీపరులో మూల ఛార్జీపై 30 శాతం, కనీసం 100, గరిష్ఠంగా 200 రూపాయలు, థర్డ్ ఏ.సి.లో కనీసం 300, గరిష్ఠంగా 400 రూపాయలు అదనం అన్నది దాని నియమం. బెజవాడ దూరానికి ఈ గరిష్ఠ మొత్తమే పడుతుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు థర్డ్ ఏ.సి.లో వెళ్లితే ఒకవైపు ప్రయాణానికే 1,600 రూపాయలు అధికం. పైగా ఖరారైన తత్కాల్ టిక్కెట్టును రద్దు చేసుకొంటే పైసా తిరిగి రాదు. 2014లో వచ్చిన ప్రీమియం తత్కాల్‌లో బెర్తులు అమ్ముడవుతున్న కొద్దీ ధర పెరుగుతూ పోతుంది.

ముందు కొన్నవారికి ధర నిజంగానే తగ్గే సందర్భం ఒకటి మన రైళ్లలో లేకపోలేదు. రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో 2016 సెప్టెంబరు 9 నుండి ఫ్లెక్సీ ఛార్జీ ప్రవేశపెట్టారు. మొదటి 10 శాతం బెర్తులు మూల ఛార్జీకి, తరువాతి 10 శాతం బెర్తులు 10 శాతం అధికంగా, ఆపైన ప్రతి 10 శాతానికి మరో 10 శాతం చొప్పున పెంచుతూ అమ్ముతారు. మొదట్లో గరిష్ఠ పరిమితి ఒకటిన్నర రెట్లు ఉండగా, ప్రయాణికులు ముఖం చాటేయడంతో 2018 అక్టోబరులో దానిని 1.4 రెట్లకు తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఫస్ట్ ఏ.సి.కి ఈ పద్ధతి లేదు. బెజవాడ మీదుగా పోయే చెన్నై రాజధాని ఈ కోవలోనిదే.

ఇక్కడ మా లెక్కల పిచ్చిని పాఠకులు కాసేపు భరించాలి. మూల ఛార్జీ 1,000 రూపాయలు, అమ్మకానికున్న బెర్తులు 500 అనుకొందాము. మొదటి 50 మందికి 1,000, తరువాతి 50 మందికి 1,100, ఆ తరువాత 1,200, ఆపైన 1,300 రూపాయలు. అప్పటికి 200 బెర్తులు అయ్యాయి. మిగిలిన 300 మందీ 1,400 రూపాయలు చెల్లించవలసినవారే. రైలు నిండితే సగటున ఒక్కొక్కరిపై పడేది 1,300 రూపాయలు. అనగా అయిదుగురిలో ముగ్గురు గరిష్ఠ ధరకే ప్రయాణిస్తారు. "మూల ధర" అని మనం పిలుచుకొనేది పది మందిలో ఒక్కరికి మాత్రమే దక్కుతుంది. ఆ ఒక్కరు కావాలంటే బుకింగు తెరచిన ఉదయమే కూర్చోవాలి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. రాజధాని మూల ఛార్జీయే మామూలు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ కన్నా ఎక్కువ, దానికి భోజనపు ఖర్చు అదనం. కనుక అదే తరగతిలో రాజధానిలోని మొట్టమొదటి బెర్తు కూడా తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లోని చిట్టచివరి బెర్తు కన్నా చౌక కాదు. కాలం ఆదా కావాలనుకొనేవారు రాజధాని ఎక్కవచ్చును, ధనం ఆదా కావాలనుకొనేవారికి అది దారి కాదు. 2021లో వచ్చిన త్రీ-ఇ అనే ఎకానమీ ఏ.సి. బోగీ ఏ రైలులో ఉన్నదో వెతుక్కొంటే ఛార్జీ కొంత కలిసివస్తుంది. కాకపోతే పెట్టెలో బెర్తుల సంఖ్య పెంచినందున కాళ్లు పెట్టుకొనే చోటు కొంచెం తగ్గుతుంది.

చివరి నిమిషంలో కొన్నవారికి తగ్గింపు ఇచ్చే నియమం కూడా ఒకటి 2017 జనవరి 1 నుండి వచ్చింది. చార్టు తయారైన తరువాత ఖాళీ ఉన్న బెర్తులపై మూల ఛార్జీలో 10 శాతం తగ్గింపు అన్నారు. వినడానికి బాగున్నది. చార్టు తయారయ్యాక ఢిల్లీ నుండి బెజవాడకు బెర్తు ఖాళీగా ఉండడం అన్నది మాకు ఇంతవరకు తటస్థపడలేదు.

సంక్రాంతి విషయానికి వద్దాము. సత్యనారాయణపురంలో మా అమ్మగారు ఉన్నారు. ఎనభై దాటిన ఆమెకు ఢిల్లీ చలి గిట్టదు, మాకు ఉద్యోగరీత్యా బెజవాడ కుదరదు. ఏడాదిలో ఆమె ఎదురుచూసేది ఆ నాలుగు రోజుల కోసమే. భోగికి ముందుగా చేరాలంటే జనవరి 11 రాత్రి ఢిల్లీలో రైలెక్కాలి. రైలు బయలుదేరే రోజును మినహాయించి 60 రోజుల ముందు బుకింగు తెరుస్తారు. లెక్క వేస్తే నవంబరు 12 అవుతుంది. ఆ ఉదయం 8 గంటలకు మా ఇంట్లో ముగ్గురం మూడు ఫోన్ల ముందు ఉంటాము. మా శ్రీమతి కార్తిక దీపం వెలిగించి వచ్చి తన ఫోను అందుకొంటారు. 2024 అక్టోబరు వరకు ఈ గడువు 120 రోజులు. అప్పుడు సెప్టెంబరు 13నే కొనవలసి వచ్చేది. వినాయక చవితి పత్రి వాడకముందే సంక్రాంతి టిక్కెట్టు అన్నమాట. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించారు. 61వ రోజు నుండి 120వ రోజు వరకు కొన్న టిక్కెట్లలో దాదాపు 21 శాతం రద్దవుతున్నాయని రైల్వే బోర్డు అందుకు కారణం చెప్పింది. ఆ 21 శాతం గురించి మేము మళ్లీ ప్రస్తావిస్తాము.

ఇన్ని వసతులూ ఒక్కనాటివి కావు. కంప్యూటరు ద్వారా రిజర్వేషను ఢిల్లీలో 1985లో ఆరంభమైంది. అయితే ఏ కేంద్రం యంత్రం ఆ కేంద్రానిదే. ఢిల్లీలో కూర్చొని సికింద్రాబాదు నుండి బయలుదేరే రైలుకు బెర్తు తీసుకోవడం అప్పట్లో గగనం. దేశమంతటినీ ఒక్క తాటిపైకి తెచ్చిన కన్సర్ట్ అనే వ్యవస్థను మొట్టమొదట 1994లో ప్రతిష్ఠించింది మన సికింద్రాబాదులోనే. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు, ఈ అయిదు కేంద్రాల అనుసంధానం 1999 ఏప్రిల్ నాటికి పూర్తయింది. 2002 ఆగస్టు 3న ఇంటర్నెట్‌లో టిక్కెట్ల అమ్మకం మొదలైనప్పుడు టిక్కెట్టు కాగితం కొరియరులో ఇంటికి వచ్చేది. సాకేత్‌లో మా కన్నా ముందునుండి ఉన్న ఒక మిత్రుడు ఆ కొరియరు కుర్రవాడి కోసం ఆఫీసుకు సెలవు పెట్టిన రోజులను నేటికీ గుర్తుచేసుకొంటారు. 2005లో ఈ-టిక్కెట్టు రావడంతో ఆ నిరీక్షణ ముగిసింది.

ఇప్పుడు మా పై అంతస్తులో ఉండే అమ్మాయి సంగతి చెప్పాలి. నలుగురు నర్సులు కలిసి ఆ ఇంటిని అద్దెకు తీసుకొన్నారు. వారిలో ఈమెది నరసరావుపేట. మా శ్రీమతిని పిన్నిగారూ అని, మమ్మల్ని బాబాయిగారూ అని పిలుస్తుంది. ఒక నవంబరు నెలలో ఆమెతో, "అమ్మాయ్, పన్నెండో తేదీన బుకింగు తెరుస్తారు, పండుగకు వెళ్లేటట్టయితే నీ పేరు కూడా చూస్తాము" అన్నాము. ఆమె నవ్వి, "బాబాయిగారూ, నా డ్యూటీ చార్టు పదిహేను రోజులకొకసారి గోడకు అంటిస్తారు. జనవరిలో నేను రాత్రి డ్యూటీలో ఉంటానో, పగలు డ్యూటీలో ఉంటానో నవంబరులో ఎవరు చెబుతారు?" అన్నది. అందులో ఫిర్యాదు లేదు. వాన వస్తుందో రాదో ఎవరు చెబుతారు అన్నంత మామూలుగా అన్నది.

ఆ మరుసటి వేసవిలో నరసరావుపేటలో ఆమె తండ్రి మెట్లపై జారిపడి తుంటి ఎముక విరిగింది. గుంటూరు ఆసుపత్రిలో శస్త్రచికిత్స అన్నారు. కబురు అందేసరికి ఆమె రాత్రి డ్యూటీలో ఉన్నది. తెల్లవారి ఇంటికి వచ్చి, తెల్లకోటు కూడా తీయకుండా మా తలుపు తట్టి, "రేపటికి ఏదైనా దొరుకుతుందా బాబాయిగారూ?" అని అడిగింది. అన్ని రైళ్లూ చూశాము. స్లీపరులో వెయిటింగు లిస్టు మూడంకెలకు చేరింది. ఏ.సి. తత్కాల్ 10 గంటలకు, స్లీపరు తత్కాల్ 11 గంటలకు తెరుస్తారు. రెండింటికీ ప్రయత్నించాము, రెండూ నిమిషాల్లో అయిపోయాయి. చివరకు ప్రీమియం తత్కాల్‌లో థర్డ్ ఏ.సి. బెర్తు ఒకటి దొరికింది. మామూలు ఛార్జీకి దాదాపు రెట్టింపు. ఆ నెల చీటీ కట్టడానికి దాచుకొన్న సొమ్ము దానికే పోయింది. "పోనీలెండి, విమానం కన్నా తక్కువే గదా" అని ఆమెయే మాకు ధైర్యం చెప్పింది. తండ్రిని థియేటరులోకి తీసుకొనిపోయే వేళకు ఆమె గుంటూరు చేరుకొన్నది. ఆయన నేడు కర్ర సాయంతో నడుస్తున్నారు.

ఆ రైలులో ఆమె బెర్తుకు, అదే పెట్టెలో 60 రోజుల ముందు కొన్న బెర్తుకు తేడా ఏమీ లేదు. అదే దిండు, అదే దుప్పటి. కానీ రెండు నెలల ముందే సెలవు మంజూరయ్యే అధికారికి అది పట్టిక ధరకు వస్తుంది. తన రోజులు తన చేతిలో లేని నర్సుకు రెట్టింపు ధరకు వస్తుంది. ముందస్తు బుకింగులోని చౌక అంతా, తన క్యాలెండరు తన అదుపులో ఉన్నవారికే చేరుతున్నది. సాకేత్ నుండి మెట్రోలో నాలుగో స్టేషను అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ. అక్కడికి మన ఊళ్ల నుండి రోగులను తీసుకొని వచ్చేవారి స్థితి కూడా ఇంతే. మళ్లీ ఎప్పుడు రావాలో వైద్యుడు చెప్పేదాకా వారికి తెలియదు. అరవై ఏళ్లు దాటిన పురుషులకు, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు గతంలో ఉండిన రాయితీ 2020 మార్చి 20 నుండి నిలిచిపోయిన తరువాత వారిలో వృద్ధుల భారం మరింత పెరిగింది.

ఆ వేసవి తరువాత ఆ అమ్మాయి ఒక ఉపాయం కనిపెట్టింది. సెలవు ఏ వారంలో దొరుకుతుందో తెలియదు గనుక, 60 రోజుల ముందు స్లీపరులో రెండు వేర్వేరు వారాలకు రెండు టిక్కెట్లు కొంటుంది. డ్యూటీ చార్టు వచ్చాక ఒకటి ఉంచుకొని రెండవది రద్దు చేస్తుంది. రద్దు రుసుము పోయినా ప్రీమియం తత్కాల్‌తో పోల్చితే అది తక్కువ. మా భాషలో చెప్పాలంటే బీమా ప్రీమియం. ఇది సరియైనదా? ఆమె రద్దు చేసే దాకా ఆ రెండవ బెర్తు మరొకరికి దక్కదు. వెయిటింగు లిస్టులో ఉన్న మరొక నర్సు ఆ బెర్తు కోసమే తత్కాల్‌కు పోయి ఉండవచ్చును. రైల్వే బోర్డు చెప్పిన 21 శాతంలో ఇటువంటి టిక్కెట్లు ఎన్నో ఉండి ఉంటాయని మా అనుమానం. గడువును 60 రోజులకు తగ్గించడం వల్ల ఈ అలవాటు కొంత తగ్గవచ్చును. ఆ అమ్మాయికి 60 రోజులైనా, 120 రోజులైనా ఒకటే. ఆమె చార్టు పదిహేను రోజులదే గదా.

ఈ సందర్భంగా మన సంస్థలో షిఫ్టులు, సెలవులు చూసే సహోద్యోగులకు ఒక్క మాట. మా విభాగంలో ఈ రెండేళ్లుగా పండుగ సెలవుల దరఖాస్తులను నవంబరు మొదటి వారంలోనే తీసుకొని, 10వ తేదీలోగా మంజూరు చేస్తున్నాము. వేసవి సెలవులకు కూడా బుకింగు తెరిచే తేదీ కన్నా ముందుగానే జవాబిస్తున్నాము. పనికి ఆటంకం కలగలేదు. ఒకరిద్దరు తేదీలు మార్చుకొన్నారు, సర్దుబాటు చేశాము. సంస్థకు దీని వల్ల ఖర్చు లేదు. షిఫ్టులో పనిచేసే టెక్నీషియను కుటుంబానికి మాత్రం రానుపోను వేలల్లో తేడా వస్తుంది. ఎల్.టి.సి.పై వెళ్లేవారు ఫ్లెక్సీ, ప్రీమియం తత్కాల్ మొత్తాలలో ఎంత వరకు తిరిగి వస్తుందో ఫైనాన్సు విభాగం వారిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక మరికొన్ని మెలకువలు. ఆధార్‌తో ధ్రువపరచిన ఖాతా లేనివారు వెంటనే ఆ పని పూర్తి చేసుకోవాలి. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జులై 1 నుండి అది తప్పనిసరి అయింది. మామూలు బుకింగు తెరిచిన మొదటి 15 నిమిషాలకు కూడా 2025 అక్టోబరు 1 నుండి దానిని వర్తింపజేసి, ఆ తరువాత వ్యవధిని మరింత పెంచారు. దళారుల ఆగడాలను అరికట్టడానికి తెచ్చిన నియమమిది. పై అంతస్తులోని నలుగురు అమ్మాయిల ఖాతాలకూ మా అబ్బాయి ఒక ఆదివారం కూర్చొని ఆ పని చేసిపెట్టాడు.

మన రైలు ఛార్జీలు దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు తగ్గుతాయి. కనుక ఢిల్లీ నుండి నాగపూరుకు ఒకటి, నాగపూరు నుండి బెజవాడకు ఒకటి చొప్పున రెండు టిక్కెట్లు తీసుకొంటే నేరుగా ఒక్క టిక్కెట్టు తీసుకొన్నదాని కన్నా ఎక్కువవుతుంది. రెండో టిక్కెట్టుకు లెక్క మళ్లీ మొదటి కిలోమీటరు నుండి ఆరంభమవుతుంది గనుక. నేరు బెర్తు దొరకనప్పుడు మాత్రం ఈ ముక్కల పద్ధతి తత్కాల్ కన్నా నయంగా ఉండవచ్చును. బెర్తు మారవలసి వస్తుంది, అర్ధరాత్రి కాకుండా చూసుకొంటే చాలు. ఇదే సూత్రాన్ని తిరగేసి వాడేవారూ ఉన్నారు. బెజవాడకు వెయిటింగు లిస్టు ఉన్నప్పుడు చెన్నై వరకు టిక్కెట్టు కొని బెజవాడలో దిగిపోతారు. చివరి స్టేషను వరకు కేటాయించే బెర్తులు ఎక్కువ, చివరి 430 కిలోమీటర్లకు పడే అదనపు ఛార్జీ తక్కువ. నియమ విరుద్ధం కాదు. కానీ బెజవాడలో ఎక్కవలసినవాడు వెయిటింగు లిస్టులో ఉండగా ఆ బెర్తు ఖాళీగా చెన్నై పోవడం మాకు రుచించదు, మేము చేయము.

సాకేత్ నుండి స్టేషనుకు చేరడం సులభం. 2010 సెప్టెంబరు 3న ఇక్కడి మెట్రో స్టేషను తెరిచారు. పసుపు మార్గంలో కూర్చొంటే పన్నెండో స్టేషను న్యూఢిల్లీ. నిజాముద్దీన్ నుండి బయలుదేరే రైళ్లకు ఐ.ఎన్.ఏ. వద్ద గులాబీ మార్గానికి మారి సరాయ్ కాలే ఖాన్‌లో దిగాలి. పెట్టెలు తక్కువగా ఉంటే టాక్సీ అవసరమే లేదు. టిక్కెట్టులో మిగుల్చుకొన్నది టాక్సీకి పోయకుండా ఉండడం కూడా పొదుపే.

దారి విషయం వచ్చింది గనుక, ఇంటి పక్కన ఉన్న ఒక తెలుగు ఆనవాలు గురించి చెప్పకుండా ఉండలేము. సాకేత్‌కు ఆనుకొని ఖిడ్కీ అనే పాత గ్రామం ఉన్నది. అక్కడ నల్లబడిన రాతిగోడలతో, జాలీ కిటికీలతో కోటవంటి మసీదు ఒకటున్నది. పద్నాలుగవ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ మంత్రి ఖాన్-ఇ-జహాన్ జునాన్ షా దానిని కట్టించాడు. ఈ జునాన్ షా తండ్రి మక్బూల్ మన ఓరుగల్లువాడు. కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులో గన్నమ నాయకుడన్న పేరుతో ఉండినవాడే ఆయన అని చరిత్రకారులు చెబుతారు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ఢిల్లీ చేరి, మతం మారి, సామ్రాజ్యానికే ప్రధానమంత్రి అయ్యాడు. ఢిల్లీవారు ఆయనను తిలంగానీ అని పిలిచారు. ఆయన సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉన్నది. సాకేత్ నుండి నిజాముద్దీన్ స్టేషనుకు పోయే తెలుగువాడు తెలియకుండానే కొడుకు కట్టిన మసీదు నుండి తండ్రి సమాధి దాకా ప్రయాణిస్తున్నాడన్నమాట. మక్బూల్ మళ్లీ ఓరుగల్లు చూశాడా అన్న ప్రశ్న ఖిడ్కీ మెట్లపై కూర్చొన్నప్పుడల్లా మాకు కలుగుతుంది. ఆ మసీదుకు దాపుననే మహమ్మద్ బిన్ తుగ్లక్ నాటి సత్‌పులా అనే ఆనకట్ట ఉన్నది. ఇంజనీరింగు చదివే పిల్లలున్నవారు ఢిల్లీ వస్తే కుతుబ్ మీనారుతో పాటు దానిని కూడా చూపించవలసినదిగా కోరుతున్నాము. నీరు ఎన్నడో వెళ్లిపోయింది, తూముల అమరిక మాత్రం చూడదగినది.

రైలెక్కిన తరువాత ఆగ్రా, గ్వాలియరు, ఝాన్సీ నిద్రలో దాటిపోతాయి. భోపాల్, ఇటార్సీ దాటి నాగపూరు చేరేసరికి పెట్టెలో నారింజ తొనల వాసన. బల్హార్షా తరువాత కిటికీ పక్కన కూర్చొన్న పిల్లలకు పందెం మొదలవుతుంది, మొదటి తెలుగు బోర్డు ఎవరు చూస్తారని. సిర్పూర్ కాగజ్‌నగర్ అక్షరాలు కనబడగానే కేక పెట్టేది మాత్రం మా శ్రీమతి. మంచిర్యాల దాటాక గోదావరి, ఆవలి ఒడ్డున రామగుండం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు. వాటిని చూసి మెగావాట్ల గురించి మేము ఉపన్యాసం ఆరంభిస్తే ఇంటిల్లిపాది నిద్ర నటిస్తారు. ఓరుగల్లు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద నుండి తెలుగు వినబడుతుంది. బెజవాడ చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. అమ్మగారు నిద్రపోకుండా కూర్చొని ఉంటారు, పక్కింటివారు ఎంత చెప్పినా వినరు.

తిరుగు ప్రయాణపు టిక్కెట్టు విషయంలో ఒక చిన్న తిరకాసు ఉన్నది, అది చాలామందికి తెలియదు. బుకింగు గడువును రైలు మొదట బయలుదేరే తేదీ నుండి లెక్కిస్తారు, మనం ఎక్కే తేదీ నుండి కాదు. రాత్రి చెన్నైలో బయలుదేరే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున బెజవాడ వస్తుంది. కనుక జనవరి 18 తెల్లవారుజామున బెజవాడలో ఎక్కేవారికి బుకింగు 17వ తేదీ లెక్కన, అనగా నవంబరు 18నే తెరుచుకొంటుంది. 19న చూసుకొందామనుకొన్నవారికి అప్పటికే వెయిటింగు లిస్టు కనిపిస్తుంది.

ఈ పర్యాయం పై అంతస్తు అమ్మాయికి జనవరిలో ఏ వారం సెలవు దొరుకుతుందో ఇంకా తెలియదు. ఆమె కోసం 11వ తేదీకి ఒకటి, 18వ తేదీకి ఒకటి స్లీపరు టిక్కెట్లు చూడమని మా అబ్బాయికి చెప్పి పెట్టుకొన్నది. రెండవదాన్ని వీలైనంత త్వరగా రద్దు చేయాలన్న షరతు మీద మేము ఒప్పుకొన్నాము.